సీపీఆర్ శిక్షణ, సర్టిఫికెట్: హైదరాబాద్‌లో మొదటి ఫోన్ కాల్ నుంచి రెన్యువల్ దాకా

“సీపీఆర్ సర్టిఫికెట్ ఎక్కడిస్తారండీ?” అని అడిగిన ప్రతివాళ్లనీ నేను తిరిగి అడిగేది ఒకటే: “ఎవరికి చూపించాలి?”

సీపీఆర్ అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి, ఊపిరిచ్చి ప్రాణం నిలిపే ప్రయత్నం. అది నేర్చుకోవడానికి కొందరికి ఉద్యోగం కోసం కార్డు, అంటే ఆ సర్టిఫికెట్ కావాలి. నర్సులు, డ్యూటీ డాక్టర్లు, ఓటీ టెక్నీషియన్లు, గల్ఫ్‌కి కాగితాలు పెట్టుకుంటున్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు. కొందరికి కార్డుతో పనిలేదు. ఇంట్లో స్టెంట్ వేయించుకున్న నాన్న ఉన్నాడు, లేదా షటిల్ కోర్టులో తోటి ఆటగాడు కుప్పకూలడం చూశారు. ఈ రెండు రకాలవాళ్లూ ఒకే సెంటర్‌కి ఫోన్ చేసి, ఒకే కోర్సుకి డబ్బు కట్టేస్తున్నారు. ఆ తర్వాత ఒకరు “ఈ కార్డు చెల్లదన్నారు” అంటారు, ఇంకొకరు “సగం అర్థం కాలేదు” అంటారు. అందుకే ఇదంతా వరసగా రాస్తున్నాను.

చదివితే సీపీఆర్ రాదు, చేతులకు రావాలి. అయితే ఈ క్షణాన మీ ఎదురుగా ఎవరైనా పడిపోయి, పిలిస్తే పలక్క, సరిగ్గా ఊపిరి తీసుకోకపోతే మాత్రం చదవడం ఆపండి. 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. ఛాతీ నడిమధ్య రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి. నేర్చుకోని చేతులైనా నొక్కితే మేలే.

1. ముందు కోర్సు తేల్చుకోండి

మన ఊళ్లో ఆసుపత్రులు ఎక్కువగా అడిగేది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు. అందులోనే ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి.

- బీఎల్ఎస్: ఆరోగ్య రంగంలో పనిచేసే అందరికీ పునాది కోర్సు. నాడి చూడటం, బ్యాగ్-మాస్క్‌తో ఊపిరివ్వడం, ఇద్దరు కలిసి సీపీఆర్ చేయడం, పిల్లలకూ పసికందులకూ చేయడం ఇందులో ఉంటాయి. సాధారణంగా ఒక పూటలో అయిపోతుంది.
- ఏసీఎల్ఎస్: ఐసీయూ, ఎమర్జెన్సీ, అనస్థీషియా విభాగాల్లో ఉండే డాక్టర్లకు, నర్సులకు. ఈసీజీ చదవడం, మందులు, టీమ్‌ను నడిపించడం నేర్పిస్తారు. మామూలుగా రెండు రోజులు.
- పాల్స్: పిల్లల వార్డు, పీఐసీయూ (పిల్లల ఐసీయూ) వాళ్లకు.
- హార్ట్‌సేవర్: వైద్యంతో సంబంధం లేని మామూలు జనానికి. టీచర్లు, జిమ్ ట్రైనర్లు, సెక్యూరిటీ సిబ్బంది, ఇంటివాళ్లు ఎవరైనా చేయొచ్చు.

మన దేశపు కోర్సులూ ఉన్నాయి. ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ ఫెడరేషన్ మూడు మెట్లుగా నేర్పిస్తుంది. మామూలు జనానికి కోల్స్, ఆసుపత్రి బయట పనిచేసే వైద్య సిబ్బందికి బీసీఎల్ఎస్, ఆసుపత్రి లోపలి వాళ్లకు సీసీఎల్ఎస్. కోల్స్‌లో నోటితో ఊపిరి ఊదే పని ఉండదు. గుర్తించి సాయం పిలవడం, ఛాతీ నొక్కడం, త్వరగా ఆసుపత్రికి చేర్చడం అనే మూడే మూడు పనులు. ఇంటివాళ్లకు నా ఓటు దీనికే. రెడ్‌క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ ప్రథమ చికిత్స కోర్సుల్లో కూడా సీపీఆర్ ఉంటుంది. ఫ్యాక్టరీలో ఫస్ట్ ఎయిడ్ బాధ్యత తీసుకునేవాళ్లకు అవి నప్పుతాయి.

తేల్చుకోవడానికి కొన్ని సూచనలు:

ఉద్యోగానికైతే హెచ్‌ఆర్ వాళ్లు ఇచ్చిన కాగితంలో కోర్సు పేరే కాదు, సంస్థ పేరు కూడా చూడండి. “బీఎల్ఎస్ ఉండాలి” అని నోటిమాటగా చెబితే “ఏ సంస్థ కార్డు?” అని అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను చూసే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో రోగులను నేరుగా చూసే సిబ్బందికి సీపీఆర్ శిక్షణ ఉండాల్సిందే. కాబట్టి మీ ఆసుపత్రే ఉచితంగా ఇప్పిస్తుందేమో ముందు నర్సింగ్ ఎడ్యుకేటర్‌ని కనుక్కోండి. చాలామంది ఇది అడగకుండానే జేబులోంచి కట్టేస్తారు.

విదేశాలకు వెళ్లేవాళ్లు తేదీ కూడా చూసుకోవాలి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు రెండేళ్లే చెల్లుతుంది. ఏజెంట్ తొందరపెట్టాడని వీసా పని మొదలవకముందే కోర్సు చేస్తే, అక్కడ డ్యూటీలో చేరేనాటికి గడువు దగ్గర పడుతుంది.

ఇంకోటి. ఈసీజీలో వీఎఫ్‌కీ (గుండె పంప్ చేయకుండా అదిరే లయ) ఏసిస్టోల్‌కీ (చలనమే లేని గీత) తేడా తెలియనివాళ్లు రెజ్యూమే కోసం ఏసీఎల్ఎస్‌కి వెళ్లకండి. డబ్బూ పోతుంది, రెండు రోజులూ బిక్కమొహం వేసుకుని కూర్చోవాల్సి వస్తుంది.

2. సెంటర్‌కి ఫోన్ చేసి అడగాల్సినవి

కార్పొరేట్ ఆసుపత్రులు, మెడికల్ కాలేజీలు, ప్రైవేటు శిక్షణ సంస్థలు ఈ కోర్సులు నడుపుతున్నాయి. మేడ్చల్ రోడ్డులో దేవరయాంజాల్ దగ్గరున్న 108 సర్వీసు క్యాంపస్‌లో అంబులెన్స్ టెక్నీషియన్లకు శిక్షణ ఇస్తారు. 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమాన్ని మొదలుపెట్టింది కూడా అక్కడే. అంటే నేర్పేవాళ్లకు కొదవ లేదు. నాణ్యతలోనే తేడా.

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు వెతికినట్టు ఫీజు, దూరం చూసి చేరిపోవద్దు. ఈ క్లాసులో అసలు సరుకు మీ చేతులు బొమ్మ (నొక్కి నేర్చుకోవడానికి పెట్టే మనిషి ఆకారం) మీద ఉన్న సమయం. స్లైడ్లు ఎంత బాగున్నా సరే, ముప్ఫై మందికి రెండు బొమ్మలు పెట్టే చోటికి వెళ్తే మీకు వచ్చేది ఫొటో, కార్డు.

ఫోన్‌లో ఇవి అడగండి:

- ఒక్కో బొమ్మకు ఎంతమంది? ముగ్గురు నలుగురైతే మంచిది. పదిమంది అంటే ఇంకో సెంటర్ చూసుకోండి.
- నొక్కే లోతు, వేగం చూపించే ఫీడ్‌బ్యాక్ బొమ్మలున్నాయా? లైటో, స్క్రీనో, టిక్కుమనే శబ్దమో ఏదైనా పరవాలేదు.
- పసికందు బొమ్మ, ట్రైనింగ్ ఏఈడీ (గుండె లయ చూసి షాక్ ఇచ్చే యంత్రం) ఉన్నాయా?
- నేర్పించేది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025 అక్టోబర్‌లో తెచ్చిన మార్గదర్శకాల ప్రకారమేనా?
- ప్రొవైడర్ మాన్యువల్ (కోర్సు పుస్తకం) ఫీజులో భాగమేనా, ఎన్ని రోజుల ముందు ఇస్తారు?
- ఈ-కార్డు ఏ సంస్థ పేరుతో వస్తుంది, ఎన్ని రోజుల్లో వస్తుంది?
- పరీక్ష తప్పితే మళ్లీ రాయనిస్తారా, దానికి వేరే ఫీజు ఉందా?
- తెలుగులో వివరిస్తారా? వాచ్‌మన్‌నీ, ఇంట్లో పెద్దవాళ్లనీ తీసుకెళ్తుంటే ఇది తప్పక అడగాలి.

“క్లాసుకి రాకపోయినా పరవాలేదు, ఆధార్ ఫొటో పంపండి, కార్డు పంపిస్తాం” అనే నంబర్లు కూడా తగులుతాయి. ఫోన్ పెట్టేయండి. ఇంట్లోంచి వీడియో చూసి ప్రశ్నలకు జవాబులు కొడితే చాలు అనేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్‌లో ఆన్‌లైన్ పద్ధతి ఉన్నమాట నిజమే. కానీ అందులో పాఠం వరకే ఆన్‌లైన్. చేతి పని పరీక్షకు హాజరై పాసైతేనే కార్డు.

3. క్లాసుకు వారం ముందు నుంచి

మాన్యువల్ మొత్తం బట్టీ పట్టక్కర్లేదు. పెద్దవాళ్లకు, పిల్లలకు, పసికందులకు ఏం మారుతుందో చూపే పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని మీ చేత్తో ఒక కాగితం మీద రాసుకోండి. పరీక్షలో తికమక పడేది అక్కడే.

లయ కోసం ఫోన్‌లో ఉచిత మెట్రోనోమ్ యాప్ వేసుకుని నిమిషానికి 110 దగ్గర పెట్టండి. గట్టి దిండు మీద ఆ శబ్దానికి తగ్గట్టు రోజూ రెండు నిమిషాలు నొక్కండి. దిండుతో లోతు తెలియదు, వేగం మాత్రం ఒంటబడుతుంది. రెండు నిమిషాలంటే ఎంత పొడుగో కూడా తెలుస్తుంది. మొదటిసారి నొక్కినవాళ్లు నిమిషంన్నరకే గడియారం చూస్తారు.

లెక్కపెట్టడంలో ఒక చిక్కుంది. తెలుగులో “ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది” అంటుంటే నాలుకతోపాటు చేతులూ నెమ్మదిస్తాయి. పదేసి చొప్పున మూడుసార్లు లెక్కపెట్టండి, లేదా ఇంగ్లిష్ అంకెలు వాడండి. ఏదో ఒకటి ఇంట్లోనే ఖాయం చేసుకోండి.

క్లాసు రోజు:

- వదులైన ప్యాంటు లేదా సల్వార్. చీరలో మోకాళ్ల మీద కూర్చుని ముందుకు వంగడం కష్టం. చున్నీ ముడేసుకోండి, జుట్టు కట్టుకోండి.
- గాజులు, ఉంగరాలు, వాచీ తీసేయండి. గోళ్లు కత్తిరించుకోండి.
- టిఫిన్ తినే వెళ్లండి. ఉపవాసం, రోజా ఉన్న రోజైతే తేదీ మార్చుకోవడం మంచిది. నీరసం వస్తుంది.
- మోకాళ్ల నొప్పి, నడుము ఆపరేషన్, గర్భం ఉంటే ముందే చెప్పండి. బొమ్మను బల్ల మీద పెట్టి నేర్పించే వీలుందేమో వాళ్లు చూస్తారు.
- జలుబు, దగ్గు ఉంటే వాయిదా వేయండి. బొమ్మ నోరు అందరిదీ.
- ఫొటో ఉన్న గుర్తింపు కార్డు. పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే నమోదు చేయించండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ కార్డు వచ్చాక తీర్చడం పెద్ద పని.

4. క్లాసులో ఒంటబట్టాల్సిన క్రమం

ఈ భాగాన్ని క్లాసుకు ముందొకసారి, వెనకొకసారి చదవండి. క్రమం ముఖ్యం. ఒక మెట్టు దాటేస్తే తర్వాతి మెట్టు తడబడుతుంది.

4.1 చోటు చూడండి. నడిరోడ్డా, కరెంటు తీగ తగిలిందా, గ్యాస్ వాసనా? వానాకాలంలో మన వీధుల్లో ఇనుప స్తంభం దగ్గర పడిపోయిన మనిషిని ముట్టుకునే ముందు కరెంటు ఆపించాలి. గీజర్ దగ్గర పడితే ముందు మెయిన్ కట్టేయాలి. మీరు కూడా పడిపోతే అక్కడ ఇద్దరు రోగులు.

4.2 పలుకుతున్నాడా చూడండి. రెండు భుజాలూ తట్టి గట్టిగా పిలవండి. “అన్నా, ఏమైంది? వినబడుతోందా?” అని నోరు విప్పి అరవండి. పరీక్షలో సిగ్గుపడి గొణిగితే మార్కు పోతుంది.

4.3 సాయం పిలవండి. “ఎవరైనా 108కి ఫోన్ చేయండి” అంటే గుంపులో ఎవరూ చేయరు. వేలు చూపించి ఒక్కరికి అప్పగించండి: “నీలం చొక్కా తమ్ముడూ, 108కి కొట్టు, ఏఈడీ ఉంటే పట్టుకురా.” ఇంకొకరిని గేటు దగ్గరికి పంపండి. మన కాలనీల్లో అంబులెన్స్ సందు దొరక్క తిరగడం, లిఫ్ట్ పై అంతస్తులో ఉండిపోవడం మామూలే. ఒంటరిగా ఉంటే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పని మొదలెట్టండి.

4.4 ఊపిరి, నాడి. ఛాతీ లేచి పడుతోందా చూస్తూనే మెడ పక్కన నాడి పట్టండి. కనీసం 5 సెకన్లు, 10 సెకన్లు దాటకూడదు. నాడి చూసే పని వైద్య సిబ్బందిదే. మామూలు జనానికి పలకడం లేదు, ఊపిరి సరిగ్గా లేదు అన్న రెండే గుర్తులు చాలు.

4.5 ఛాతీ నొక్కడం. మనిషిని వెల్లకిలా, గట్టి నేల మీద పడుకోబెట్టండి. ఒక అరచేతి మడమను (మణికట్టు దగ్గరి గట్టి భాగాన్ని) ఛాతీ ఎముక కింది సగంలో పెట్టి, దాని మీద రెండో చెయ్యి వేసి వేళ్లు ముడేయండి. మోచేతులు వంచకుండా, భుజాలు సరిగ్గా చేతుల పైకి తెచ్చి, నడుము నుంచి ఒంటి బరువు దింపండి.

- లోతు: పెద్దవాళ్లకు కనీసం 5 సెంటీమీటర్లు, 6 దాటకుండా.
- వేగం: నిమిషానికి 100 నుంచి 120.
- ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి.
- మధ్యలో ఆపితే 10 సెకన్లలోపే మళ్లీ మొదలెట్టాలి.

4.6 ఊపిరివ్వడం. 30 నొక్కులకు 2 ఊపిర్లు. నుదురు వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ఒక్కో ఊపిరి ఒక సెకను, ఛాతీ లేచేంత వరకే. ఇది నేర్చుకోనివాళ్లు, ఇష్టపడనివాళ్లు నొక్కడం ఆపకుండా కొనసాగిస్తే చాలు. నీళ్లలో మునిగినవాళ్లకు, పసిపిల్లలకు మాత్రం ఊపిరి చాలా అవసరం. చెరువులు, సెల్లార్ నీళ్లు, స్విమ్మింగ్ పూల్స్ ఉన్న ఊరు కాబట్టి ఈ భాగం వదిలేయకండి.

4.7 ఏఈడీ. ముందు ఆన్ చేయండి, ఆ తర్వాత అదే చెబుతుంది. భాష అర్థం కాకపోయినా ప్యాడ్ల మీద బొమ్మలుంటాయి. ఒకటి కుడివైపు మెడ ఎముక కింద, రెండోది ఎడమ చంక కిందుగా. చెమటుంటే తుడవాలి. మందు ప్యాచ్ ఉంటే తీసేయాలి. చర్మం కింద పేస్‌మేకర్ గడ్డలా కనిపిస్తే సరిగ్గా దాని మీద ప్యాడ్ అంటించకూడదు. యంత్రం గుండె లయ చూసేటప్పుడు, షాక్ ఇచ్చేటప్పుడు ఎవరూ తాకకూడదు. “అందరూ దూరం!” అని అరిచి, నిజంగా దూరం జరిగారో లేదో కళ్లతో చూసి మీట నొక్కండి. షాక్ అయిన వెంటనే మళ్లీ ఛాతీ నొక్కాలి. రెండు నిమిషాల తర్వాత యంత్రమే మళ్లీ పరీక్షిస్తుంది.

4.8 ఇద్దరుంటే. ఒకరు నొక్కాలి, ఒకరు ఊపిరివ్వాలి. రెండు నిమిషాలకోసారి మారాలి, అలసట తెలియకపోయినా సరే. లోతు తగ్గిన సంగతి నొక్కేవాళ్లకు తెలియదు, పక్కవాళ్లకే కనిపిస్తుంది.

4.9 పిల్లలు, పసికందులు. ఛాతీ మందంలో మూడో వంతు లోతు నొక్కాలి. పిల్లలకు సుమారు 5 సెంటీమీటర్లు, ఏడాదిలోపు పసికందులకు సుమారు 4. ఒక్కరే ఉంటే 30:2, ఇద్దరు వైద్య సిబ్బంది ఉంటే 15:2. పసికందుకు రెండు వేళ్లతో నొక్కే పాత పద్ధతిని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025లో పక్కన పెట్టింది. ఇప్పుడు రెండు చేతులతో ఛాతీని చుట్టి రెండు బొటనవేళ్లతో గానీ, ఒక అరచేతి మడమతో గానీ నొక్కాలి. మీ ఇన్‌స్ట్రక్టర్ ఇంకా రెండు వేళ్లే చూపిస్తుంటే మర్యాదగానే అడగండి.

4.10 గొంతులో అడ్డుపడితే. ఇదీ 2025లో మారింది. పెద్దవాళ్లకు, పిల్లలకు ముందు వీపు మీద 5 దెబ్బలు, తర్వాత పొట్ట మీద 5 నొక్కులు, వస్తువు బయటికి వచ్చేదాకా ఇదే వరస. పసికందులకు వీపు మీద 5, ఛాతీ మీద 5. వాళ్ల పొట్ట నొక్కకూడదు. నోట్లో కనబడని దాని కోసం వేలు పెట్టి కెలకకూడదు. స్పృహ తప్పితే పడుకోబెట్టి సీపీఆర్ మొదలెట్టాలి.

5. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణలు

ఎగశ్వాసను ఊపిరి అనుకోవడం. అన్నింటికంటే ప్రాణాంతకమైన తప్పు ఇదే. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో మనిషి అప్పుడొకటి ఇప్పుడొకటిగా నోరు తెరిచి గుక్క తీసుకుంటాడు, గురకలా శబ్దం వస్తుంది. “ఊపిరుంది, ఊపిరుంది” అంటూ అందరూ ఆగిపోతారు. కాళ్లూ చేతులూ కాసేపు కొట్టుకుంటే ఫిట్స్ అనుకుని చేతిలో తాళాలు పెట్టేవాళ్లూ ఉంటారు. సవరణ: పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే గుండె ఆగినట్టే లెక్కగట్టి నొక్కండి. క్లాసులో ఎగశ్వాస వీడియో చూపించకపోతే అడిగి మరీ చూపించుకోండి. ఒకసారి చూస్తే మర్చిపోరు.

ఉపచారాలతో నిమిషాలు పోగొట్టడం. మొహాన నీళ్లు చల్లడం, ఉల్లిపాయ వాసన చూపించడం, అరికాళ్లు రుద్దడం, నోట్లో నీళ్లు పోయడం. స్పృహ లేని మనిషి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సవరణ: ఉపచారాలు చేయాలనుకునే చేతులకు పని అప్పగించండి. ఒకరిని గేటుకి, ఒకరిని లిఫ్ట్ దగ్గరికి, ఒకరిని పాత రిపోర్టులు తేవడానికి పంపండి. వాదించకండి, టైమ్ లేదు.

ఆటోలో వేసుకుని పరుగెత్తడం. మనవాళ్లకు బాగా అలవాటు. ఆటో సీటులో ముడుచుకున్న మనిషికి సీపీఆర్ చేయలేం. షాక్ అవసరమైన గుండెకు సీపీఆర్ కూడా లేకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గుతుందని చెబుతారు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర పోయే నిమిషాలు మీకు తెలియనివి కావు. సవరణ: పడినచోటే మొదలెట్టండి, అంబులెన్స్ వాళ్లు చేతిలోకి తీసుకునేదాకా ఆపకండి. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ చౌరస్తాలో పడిపోయిన ప్రయాణికుడికి ట్రాఫిక్ కానిస్టేబుల్ అక్కడే రోడ్డు పక్కన సీపీఆర్ చేసి నిలబెట్టిన వీడియో చాలామంది చూసే ఉంటారు.

మంచం మీద నొక్కడం. నొక్కితే పరుపు కుంగుతుంది, ఛాతీ కాదు. సవరణ: దుప్పటితో సహా నేల మీదకి లాగండి. ఆసుపత్రిలో అయితే వీపు కింద సీపీఆర్ బోర్డు పెట్టాలి.

మోచేతులు వంచడం. సినిమాల్లో చూపించేది ఇదే. జబ్బల బలంతో నొక్కితే అర నిమిషానికే చేతులు వణుకుతాయి. సవరణ: మోకాళ్లు రోగి పక్కకి ఇంకా దగ్గరగా జరపండి. దూరంగా కూర్చున్నవాళ్లకే మోచేతులు వంగుతాయి.

ఛాతీ మీద వాలిపోవడం. రెండో నిమిషంలో మొదలవుతుంది. చేతులు పైకి లేచినట్టు అనిపిస్తుంది గానీ బరువు మిగిలే ఉంటుంది. ఛాతీ పూర్తిగా లేవకపోతే గుండెలోకి రక్తం తిరిగి నిండదు, తర్వాతి నొక్కుకు బయటికి పోవడానికి ఏమీ ఉండదు. సవరణ: కింది చేతి వేళ్లను పైకి లాగి పట్టండి. ఫీడ్‌బ్యాక్ బొమ్మలో లోతు గీతతోపాటు ఈ గీతనూ గమనించండి.

పక్కటెముకలు విరుగుతాయని భయపడటం. విరగొచ్చు. టక్కుమని వినబడుతుంది కూడా. చేతుల చోటు సరిచూసుకుని కొనసాగించండి. ఎముక అతుక్కుంటుంది. ఈ భయంతో మెత్తగా నొక్కేవాళ్లే ఎక్కువ.

కంగారులో 140 దాటించడం. వేగం పెరిగేకొద్దీ లోతు తగ్గుతుంది. సవరణ: గట్టిగా పైకి లెక్కపెట్టండి. 30 నొక్కులకు 15 నుంచి 18 సెకన్లు పట్టాలి.

అంబు బ్యాగ్‌ని (బ్యాగ్-మాస్క్‌లోని గాలి సంచిని) ఎడాపెడా పిండటం. ఈ తప్పు వైద్య సిబ్బందిదే. ఎక్కువ గాలి కొడితే పొట్ట ఉబ్బుతుంది, వాంతి వస్తుంది, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. సవరణ: బ్యాగ్‌ని సగం దాకా, ఒక సెకను పిండండి. ట్యూబ్ వేశాక 6 సెకన్లకు ఒకటి, అంతే. మాస్క్ కింది నుంచి గాలి పోతుంటే మాస్క్‌ని మొహానికి నొక్కకండి, మొహాన్ని మాస్క్‌లోకి ఎత్తండి.

మాటిమాటికీ ఆగి చూడటం. “వచ్చిందేమో చూద్దాం” అని ఆగిన ప్రతిసారీ రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. అది మళ్లీ పుంజుకోవడానికి ఎన్నో నొక్కులు పడతాయి. ప్యాడ్లు అంటించేటప్పుడు కూడా నొక్కేవాళ్లు ఆపకూడదు.

6. పరీక్ష

బీఎల్ఎస్‌లో రాత పరీక్ష 25 ప్రశ్నలు, 84 శాతం రావాలి. అంటే నాలుగు తప్పుల వరకు పరవాలేదు. పుస్తకం చూసుకోనిస్తారు గానీ పక్కవాళ్లతో మాట్లాడనివ్వరు. పుస్తకం ఉందన్న ధీమాతో చదవకుండా వెళ్తే పేజీలు తిప్పడంతోనే సరిపోతుంది.

చేతి పని పరీక్ష రెండు భాగాలు. పెద్దవాళ్లకు సీపీఆర్, ఏఈడీ ఒకటి. పసికందుకు సీపీఆర్ ఇంకొకటి. ఇన్‌స్ట్రక్టర్ చేతిలో చెక్‌లిస్ట్ ఉంటుంది, మధ్యలో సాయం చేయరు. మీరు మనసులో చేసేవి వాళ్లకు కనిపించవు కాబట్టి పైకి చెప్పండి: “చోటు సురక్షితం. పలకడం లేదు. 108కి ఫోన్ చేయండి. ఊపిరి లేదు, నాడి లేదు.” కొంతమంది నటించడానికి సిగ్గుపడతారు, నాటకం అనుకునైనా చేయండి. తప్పితే మళ్లీ నేర్పించి మళ్లీ చూస్తారు. అందులో చిన్నతనం లేదు.

7. ఏసీఎల్ఎస్‌కి వెళ్లేవాళ్లకు

క్లాసుకు ముందే ఆన్‌లైన్‌లో ప్రీకోర్సు పరీక్ష రాసి 70 శాతం తెచ్చుకోవాలి, ఆ ప్రింట్ తీసుకెళ్లాలి. ఈసీజీ, మందులు, ఏం చేయాలన్న ప్రశ్నలు ఉంటాయి. చివరి రాత పరీక్ష 50 ప్రశ్నలు, ఇక్కడా 84 శాతం.

అసలు వడపోత మెగాకోడ్. మీరే టీమ్ లీడర్, రోగి లయ మారుతూ ఉంటుంది. చాలామంది మందుల డోసులు వల్లె వేసి వస్తారు. అడ్రినలిన్ 1 మిల్లీగ్రామ్ 3 నుంచి 5 నిమిషాలకోసారి, అమియోడరోన్ మొదట 300, తర్వాత 150. అవి కావాల్సిందే. కానీ నేను చూసినంతలో తప్పేది డోసుల దగ్గర కాదు. లీడరే వంగి ఛాతీ నొక్కడం మొదలెడతాడు, రెండు నిమిషాల లెక్క ఎవరూ పట్టరు. రోగి కాళ్ల దగ్గర నిలబడండి, చేతులు కట్టుకోండి. పేరు పెట్టి పని చెప్పండి, చేశామని వాళ్లు తిరిగి చెప్పేదాకా ఆగండి: “శిరీషా, అడ్రినలిన్ 1 మిల్లీగ్రామ్ ఐవీ ఇవ్వు.” “అడ్రినలిన్ 1 మిల్లీగ్రామ్ ఐవీ ఇచ్చాను సార్.” మన ఆసుపత్రుల్లో సీనియర్ మాట తిరిగి పలకడం ఎదురు చెప్పినట్టు అనిపిస్తుంది జూనియర్లకు. ఆ మొహమాటం క్లాసులోనే పోవాలి.

షాక్ ఇవ్వాల్సిన లయలు రెండే: వీఎఫ్, నాడి లేని వీటీ (అతివేగపు లయ). ఏసిస్టోల్‌కీ, పీఈఏకీ (ఈసీజీలో లయ ఉన్నా నాడి లేని స్థితి) షాక్ ఇవ్వకూడదు. అక్కడ కారణాల వేట ముఖ్యం.

8. కార్డు వచ్చాక సరిచూడండి

ఈ-కార్డు మెయిల్‌కి వస్తుంది. తెరిచి చూడండి:

- పేరు స్పెల్లింగ్
- కోర్సు పేరు (మీరు కట్టింది బీఎల్ఎస్‌కే అయితే బీఎల్ఎస్ అనే ఉండాలి)
- ఇచ్చిన తేదీ, రెన్యువల్ తేదీ
- ట్రైనింగ్ సెంటర్, ఇన్‌స్ట్రక్టర్ వివరాలు
- ఈ-కార్డు కోడ్, క్యూఆర్

ఆ కోడ్‌ని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ-కార్డు వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూడండి. అక్కడ మీ పేరు రాకపోతే చేతిలో ఉన్నది రంగు కాగితం. సంస్థకు చూపించాక దొరికితే నింద మీ మీదకే వస్తుంది, కాబట్టి మొదటి రోజే చూసుకోవాలి.

9. అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో క్లాసు పెట్టించాలంటే

ఆదివారం ఉదయం క్లబ్ హౌస్‌లో రెండు గంటలు చాలు. ఉపన్యాసం ఇరవై నిమిషాలు మించనివ్వకండి, మిగతాదంతా బొమ్మల మీదే. ముందు వరసలో కూర్చోబెట్టాల్సింది కమిటీ పెద్దలను కాదు. వాచ్‌మన్, లిఫ్ట్ చూసేవాళ్లు, పనమ్మాయిలు, ఇంట్లో ఉండే గృహిణులు. పగటిపూట ఎవరైనా పడిపోతే పక్కన ఉండేది వాళ్లే. ఆ రోజుకి వాళ్ల డ్యూటీ మరొకరికి అప్పగించండి.

అదే రోజు ఇంకో మూడు పనులు తేల్చేయండి. గేటు దగ్గర ఎవరు నిలబడాలి, లిఫ్ట్ ఎవరు ఆపి పట్టాలి, స్ట్రెచర్ పట్టే లిఫ్ట్ ఏ బ్లాకులో ఉంది. ఏఈడీ కొంటే తాళం వేసిన గదిలో పెట్టకండి. ప్యాడ్లకూ బ్యాటరీకీ గడువు తేదీలుంటాయి, నెలకోసారి చూసే మనిషి పేరు దాని పక్కనే రాసి అంటించండి.

“సాయం చేస్తే పోలీసు కేసవుతుందా?” అని ప్రతి క్లాసులో ఒకరైనా అడుగుతారు. రోడ్డు ప్రమాదాల్లో సద్బుద్ధితో సాయం చేసినవాళ్లకు మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది. పేరు, వివరాలు చెప్పమని బలవంతపెట్టడానికి లేదు.

10. రెండేళ్ల మధ్యలో, రెన్యువల్‌కి

కార్డు రెండేళ్లు చెల్లుతుంది, చేతి నేర్పు మాత్రం కొన్ని నెలలకే తగ్గడం మొదలవుతుంది. ఆసుపత్రివాళ్లు స్కిల్ ల్యాబ్‌లో మూడు నెలలకోసారి రెండు నిమిషాలు ఫీడ్‌బ్యాక్ బొమ్మ మీద నొక్కి చూసుకోండి. ఇంటివాళ్లు మళ్లీ ఆ దిండు, మెట్రోనోమ్ తీయండి.

రెన్యువల్ తేదీకి రెండు నెలల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. గడువు దాటితే కొన్ని సెంటర్లు రెన్యువల్ క్లాసుకు ఒప్పుకోవు, మొత్తం కోర్సు మళ్లీ కట్టమంటాయి. వెళ్లేటప్పుడు పాత కార్డుతోపాటు కొత్త మాన్యువల్ తీసుకెళ్లండి. సీనియర్ ఇచ్చిన పాత పుస్తకంతో చదివితే పసికందు బొమ్మ దగ్గరా, గొంతు అడ్డు ప్రశ్నల దగ్గరా తప్పులు పడతాయి.